తలుపు బయట నుంచి విన్న సినిమా

ఇది రాస్తున్నది నా మనవరాలు. నాకు చదువు అంతంత మాత్రం. సంతకం పెడతాను, అంకెలు చదువుతాను, సినిమా హాల్లో వరసల మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలు చీకట్లో కూడా వేలితో తడిమి చెప్పగలను. అంతకు మించి కావాలంటే ఎవరో ఒకరు చదివి పెట్టాలి. నేను మాట్లాడేది నెమ్మది. నా ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఇది రాసేసి, పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంటుంది. కథ దాని గురించే. తన గురించి తనే రాసుకోవాలంటే సిగ్గేస్తోందంటే, "నా మనవరాలు అని రాయి, ఇంకెవరో అనుకుంటార్లే" అన్నాను.

ఆ వేసవికి దానికి ఆరేళ్లు. ఇంట్లోనూ వీధిలోనూ అందరూ లాయరు అనేవాళ్లు. స్నానానికి రమ్మంటే, "నిన్న చేశాగా. నిన్నట్నుంచి నాకు ఎక్కడ మురికి అంటిందో చూపించు, వస్తా" అనేది. చూపించేదాకా కదిలేది కాదు.

మా అబ్బాయి దూరపు బస్సు నడుపుతాడు. రెండు రోజులు రోడ్డు మీద, ఒక రోజు ఇంట్లో. కోడలు అదే బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఎప్పుడు బయల్దేరుతుందో చెప్పేది. ఊళ్లో చాలామందికి ఆమె మొహం తెలీదు, గొంతు తెలుసు. మేముండేది అక్కణ్ణించి రెండు వీధుల అవతల, రెండో అంతస్తులో మూడు గదులు. గాలి ఇటు తిరిగిందంటే ఆ గొంతు మా కిటికీలోంచి ఇంట్లోకి వచ్చేది. అక్కడ "ఆరో నంబరు" అని వినిపిస్తే, ఇక్కడ నేల మీద బొమ్మలు గీసుకుంటున్న లాయరు తలెత్తకుండానే "ఆ, వింటున్నాలే అమ్మా" అనేది.

ఆ గొంతులోనే గడ్డ తేలింది.

"తీసేస్తే ప్రాణానికేం భయం లేదు," అన్నాడు డాక్టరు. "మూడు వారాలు మాత్రం నోరు మెదపకూడదు. గుసగుసలు కూడా వద్దు. ఆ తర్వాత గొంతు మునుపటిలా వస్తుందనే అనుకుందాం."

అనుకుందాం అన్న మాట మా ఎవరికీ నచ్చలేదు. పిల్లకి మాత్రం, అమ్మ గొంతు బాగు చేయించుకుని వస్తుంది అని చెప్పి ఊరుకున్నాం. బాగు చేయించుకున్న గొంతు మాట్లాడదని ఎవరమూ చెప్పలేదు.

ఆసుపత్రికి వెళ్లే రోజు పొద్దున కోడలు సంచీ సర్దుకుంటూ నన్ను లోపలికి పిలిచింది.

"మావయ్యా, ఒక మాట. కింద టైలరు పిల్లలు మీ హాల్లో ఆ బొమ్మల సినిమాకి వెళ్తున్నారంట. ఇది నా ప్రాణం తోడేస్తోంది, నేనూ వెళ్తానని. అదేదో భయం సినిమా అంటున్నారు."

"బొమ్మల సినిమాలో భయమేముంటుందమ్మా."

"ఉంటుంది మావయ్యా. ఈ రోజుల్లో బొమ్మలకే భయపడాలి. నేను వెళ్లి చూసొచ్చే వీల్లేదు. మీరు ముందు చూడండి. దీనికి పనికొస్తుందంటేనే తీసుకెళ్లండి. మీరు సరేనంటే నాకూ సరే." జడ పిన్నులు డబ్బాలో వేసి మూత పెట్టింది. "నేను లేనప్పుడు భయపడితే, నన్ను అడగడానికి కూడా ఉండదు దానికి."

"చూస్తాలేమ్మా. హాల్లోనే కదా నేనుండేది," అన్నాను.

హాల్లోనే ఉంటానన్నది నిజమే. కాకపోతే తలుపుకి ఇవతల.

నేను గేటు మనిషిని. టికెట్టు చింపి సగం చేతిలో పెట్టడం, ఆలస్యంగా వచ్చినవాళ్లని టార్చిలైటుతో కుర్చీ దాకా దిగబెట్టడం, మళ్లీ బయటికి వచ్చి తలుపు మూసి స్టూలు మీద కూర్చోవడం. ముప్పై ఆరేళ్లు ఆ స్టూలు మీదే. ఒక్క సినిమా కూడా మొదట్నుంచీ చివరిదాకా చూడలేదు. చూడకపోయినా నాకు తెలుస్తుందని నా నమ్మకం. కుర్చీలు టపటపా మడతపడుతున్నాయంటే జనం లేచిపోతున్నారని. అరుపు వెంటనే నవ్వు వచ్చిందంటే అది మంచి భయం. అరుపు వెంట ఏడుపు వచ్చిందంటే పిల్లలకి పనికిరాని భయం. మేనేజరు కూడా మొదటిరోజు ఆట అవగానే నా దగ్గరికే వచ్చి, "ఎన్ని వారాలంటావు?" అని అడిగేవాడు. తలుపు దగ్గర తల్లిదండ్రులు, "పెద్దాయనా, చిన్నపిల్లలు చూడొచ్చా?" అంటే నా చెవులు చెప్పిందే చెప్పేవాణ్ణి. ఎవరూ తిరిగొచ్చి నన్ను తిట్టలేదు. తిట్టడానికి తిరిగొచ్చే ఓపిక ఎవరికుంటుందన్నది అప్పట్లో నాకు తట్టలేదు.

కోడలికి మాటిచ్చాను కాబట్టి ఈసారి మరింత శ్రద్ధగా విన్నాను. వరసగా మూడు ఆటలు తలుపుకి చెవి ఆనించి కూర్చున్నాను. పిల్లలు బాగా నవ్వుతున్నారు, మేకలేవో అరుస్తున్నాయి. రెండుసార్లు కేకలు వచ్చాయి, రెండుసార్లూ వెనకాలే నవ్వులు. ఇంటర్వెల్ ముందు కాసేపు ఏ చప్పుడూ లేదు. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తున్నారనుకున్నాను. ఒక్క కుర్చీ మడత పడలేదు, ఒక్కరూ ఏడుస్తూ బయటికి రాలేదు.

పోస్టరు మూల చిన్నగా ఏదో రాసుంటే, పైన మిషను నడిపే ఆపరేటరుని అడిగాను.

"చిన్నపిల్లలకి పెద్దవాళ్లు తోడుండాలంట అన్నా," అన్నాడు.

"తోడు నేనున్నాగా."

"ఇంకేం. నీకంటే పెద్దవాళ్లు ఈ ఊళ్లో ఎవరున్నారు," అని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు మ్యాట్నీకి లాయరుని తీసుకెళ్లాను. అక్కడ ఆసుపత్రిలో అప్పటికి ఆపరేషన్ అయి రెండు రోజులు. ఆఖరి వరసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చోబెట్టాను. టైలరు పిల్లలు ముందు వరసలోకి పరిగెత్తారు.

"తాతా, ఇందులో భయముందా?"

"ఏం లేదు. మూడుసార్లు విన్నాను."

అది నా మొహంలోకి చూసింది. విన్నానన్న మాటని పట్టుకుంటుందేమో అనుకున్నాను. లైట్లు ఆరిపోవడంతో తెరవైపు తిరిగిపోయింది. నేను బయటికొచ్చి తలుపు మూశాను.

ఇంటర్వెల్ ఇంకా కాలేదు. లోపల అదే నిశ్శబ్దం మొదలైంది. ఆ నిశ్శబ్దంలో తలుపు కొంచెం తెరుచుకుంది. లాయరు బయటికి వచ్చి, తలుపు తనే మెల్లగా మూసి, నా చొక్కా కొస పట్టుకుంది.

"తాతా, ఇంటికెళ్దాం."

"ఏమైందే? నిద్రొస్తోందా?"

"ఇంటికెళ్దాం."

"భయమేసిందా?"

"లేదు."

ఏడవలేదు, అరవలేదు. నా లెక్క ప్రకారం అది భయం కాదు. పక్క తలుపు మనిషికి చెప్పి ఇంటికి తీసుకెళ్లాను. దారంతా ఒక్క ప్రశ్న అడగలేదు. ఇంటికొచ్చి మంచం మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది. అప్పుడడిగింది.

"అమ్మ ఎప్పుడొస్తుంది?"

"ఎల్లుండి."

"అమ్మే వస్తుందా?"

"మరెవరొస్తారే?" అని నవ్వాను.

అది నవ్వలేదు. నేనూ ఆలోచించలేదు.

*

ఎల్లుండి మధ్యాహ్నం కింద బండి ఆగింది. అబ్బాయి సెలవు పెట్టి తీసుకొచ్చాడు. నేను సంచీ అందుకుందామని కిందికి దిగాను. కోడలు మెడకి తెల్లటి పట్టీ, దాని పైన గట్టి కాలరు లాంటిది. తల తిప్పాలంటే ఒళ్లంతా తిప్పుతోంది. అయినా మా ఇద్దరి కంటే ముందు తనే మెట్లెక్కింది, ఒక్కో మెట్టూ గోడ పట్టుకుంటూ.

పైన గుమ్మంలో లాయరు నిలబడి ఉంది.

కోడలు నవ్వింది. రెండు చేతులూ చాచింది.

పిల్ల కదల్లేదు. "అమ్మా?" అంది.

కోడలు తల ఊపబోయి, నొప్పికి ఆగి, గొంతు మీద చెయ్యి పెట్టి చూపించింది.

"మాట్లాడు," అంది పిల్ల.

కోడలు వేలు పెదవుల మీద పెట్టుకుని, కాదన్నట్టు వేలు ఆడించింది.

"నా పేరు చెప్పు."

ఆ మూడు మాటలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. కోడలు పెదవులు విడివడ్డాయి. డాక్టరు మాట గుర్తొచ్చినట్టుంది, మళ్లీ మూసేసింది. ఆ నోరు తెరుచుకుని మూసుకోవడం చూసి, లాయరు రెండడుగులు వెనక్కి వేసి తలుపు వేసేసింది. లోపల గడియ పడిన చప్పుడు.

"ఏయ్, తలుపు తియ్," అన్నాడు అబ్బాయి. "అమ్మొచ్చింది. ఎండన పడి వచ్చింది, నిలబడలేకపోతోంది. తియ్యవే."

"నువ్వు రా. తాతని రమ్మను. ఆవిడ వద్దు."

"ఆవిడెవరే? మీ అమ్మే."

"కాదు. అలాగే ఉంటుంది. కానీ కాదు."

అబ్బాయి తలుపు మీద అరచేత్తో కొట్టాడు. కోడలు అతని చెయ్యి పట్టుకుని ఆపింది. తనే ముందుకొచ్చి వేలి కణుపుతో మెల్లగా మూడుసార్లు తట్టింది. లోపలి నుంచి ఏదో ఈడ్చిన చప్పుడైంది. తర్వాత చూస్తే అది కుర్చీ, తలుపుకి అడ్డం పెట్టింది. కోడలు మెట్టు మీద కూర్చుంది. ఊళ్లో ఇంతమందిని పిలిచి బస్సులెక్కించిన మనిషి, మూడడుగుల దూరంలో ఉన్న కూతురికి నేనే అని చెప్పుకోలేక కూర్చుంది.

"దీనికి ఏం చూపించావు నాన్నా?" అన్నాడు అబ్బాయి.

కింద టైలరు పైకొచ్చి, కిటికీ దగ్గరికి నిచ్చెన వెయ్యనా అని అడిగి వెళ్లాడు. బాగా పొద్దు వాలాక, ఆకలేసి కాబోలు, గడియ తీసింది. తీసి పరిగెత్తి మంచం కిందికి దూరింది.

*

ఆ తర్వాత వారం మా ఇల్లు ఇల్లులా లేదు. కోడలు ఒక గదిలోకొస్తే పిల్ల ఇంకో గదిలోకి పోయేది. తల్లి చేత్తో పెట్టిన కంచం ముట్టుకునేది కాదు, అదే కంచం నేను అటు తిప్పి ఇటు పెడితే తినేది. ఎక్కడ కూర్చున్నా కాళ్లు పైకి పెట్టుకునేది. కోడలు ఏడవడానికి కూడా లేదు, ఏడిస్తే కుట్లు లాగుతాయి. గాలి తిరిగినప్పుడు బస్టాండులోంచి వేరే ఎవరిదో గొంతు, "ఆరో నంబరు" అని వినిపించేది. లాయరు లేచి కిటికీ మూసేసేది.

అబ్బాయి ఉన్నప్పుడు కోడలు పిల్ల పలక మీద రాసి చూపిస్తే అతను చదివి చెప్పేవాడు. అతను డ్యూటీకి వెళ్లిన రోజు ఇంట్లో ముగ్గురం మిగిలాం. మాట్లాడలేని కోడలు, చదవలేని నేను, దగ్గరికి రాని పిల్ల.

పొద్దున్నే కోడలు పలక మీద ఏదో రాసి నాకు చూపించింది. నేను అటూ ఇటూ తిప్పి చూశాను.

"మందా అమ్మా?"

వేలు ఆడించింది.

"నీళ్లా?"

కాదు. చేత్తో పక్క గదివైపు చూపించింది. నేను వెళ్లి దుప్పటి తెచ్చాను. తల పట్టుకుంది. దువ్వెన తెచ్చాను. తర్వాత గొడుగు తెచ్చాను. ఇప్పుడు నవ్వొస్తోంది గానీ, అప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, నాకు చెమటలు పడుతున్నాయి. మంచం మీద కాళ్లు ముడుచుకుని చూస్తున్న లాయరు, చివరికి ఉండబట్టలేక అక్కణ్ణించే చెప్పింది.

"పొయ్యి తాతా. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంటోంది ఆవిడ."

గొంతుకి పొగ తగలకూడదని కోడల్ని పొయ్యి దగ్గరికి వెళ్లనివ్వడం లేదు, అప్పటికి పాలన్నీ పొయ్యి కిందే ఉన్నాయి. నేను గుడ్డతో తుడుస్తుంటే కోడలు పలక తుడిచి ఇంకేదో రాసింది. ఈసారి నాకు చూపించలేదు. పిల్లకి కనపడేలా దూరంగా గుమ్మంలో కూర్చుని, పలక ఒళ్లో నిలబెట్టి పెట్టుకుంది. పెద్దపెద్ద అక్షరాలు. లాయరు చూడనట్టు చూసింది. చదవడం కొత్తగా నేర్చుకున్న పిల్ల, కంటి ముందు అక్షరాలుంటే ఊరుకోలేదు.

"సి-ని-మా-లో... ఏం... జ-రి-గిం-ది... మా-వ-య్యా."

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"నిన్నే అడుగుతోంది తాతా."

"నాకు తెలీదమ్మా," అన్నాను.

కోడలు పలక తుడవడం, సుద్దముక్క గీసిన చప్పుడు.

"మీ-రు... చూ-శా-రు... క-దా."

"లేదమ్మా. చూళ్లేదు. తలుపు బయట కూర్చుని విన్నాను. ఎప్పుడూ అంతే చేస్తాను. ఎవరూ ఏడవలేదు కాబట్టి బాగానే ఉందనుకున్నాను."

కోడలు పలక మళ్లీ తుడిచింది. తర్వాత రాసింది. పిల్ల గొంతు సవరించుకుని, కోర్టులో చదివినట్టు చదివింది.

"చూ-డ-కుం-డా-నే... స-రే... అ-న్నా-రా."

నా ఇంట్లో నన్ను అలాంటి మాట ఎవరూ అనలేదు. పైగా ఆ మాట తల్లిది, గొంతు కూతురిది. ఎవరి వైపు చూసి తల దించుకోవాలో కూడా తెలీలేదు.

"అన్నానమ్మా. తప్పే," అన్నాను.

లాయరు నావైపు చూసింది. "నాతో కూడా భయం లేదన్నావు."

"అన్నాను. అదీ తప్పే. రేపు వెళ్లి కూర్చుని చూస్తాను."

*

మర్నాడు మొదటి ఆటకి గేటు దగ్గర ఇంకొకణ్ణి పెట్టి లోపలికెళ్లాను. ఆపరేటరు పైనుంచి చూసి కిందికొచ్చాడు.

"ఏంటన్నా, దారి తప్పావా?"

"సినిమా చూడాలి."

"కుర్చీ మడత విప్పడం వచ్చా, నన్ను రమ్మంటావా?"

పిల్ల కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాను. కొండ మీద ఒంటరి ఇల్లు. తల్లీ కూతురూ, కొన్ని మేకలు. తల్లి రోజంతా పాడుతూ ఉంటుంది. ఒక రోజు పొగమంచులో తప్పిపోయిన మేక కోసం వెళ్లి తిరిగొస్తుంది. అదే బట్టలు, అదే నడక. బల్లకి అవతల కూర్చుని కూతురినే చూస్తుంది. మాట్లాడదు. అక్కడ శబ్దం పూర్తిగా ఆగిపోయింది. పాట లేదు, గాలి లేదు. హాల్లో ఫ్యాన్లు తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. తెర మీద ఆ తల్లి నోరు తెరుస్తుంది, మూస్తుంది.

నేను అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. లెక్కపెడుతూ చుట్టూ చూశాను. ఒక్క పిల్లా అరవడం లేదు. నా ముందు వరసలో ఉన్న వాళ్లు, పక్కన ఉన్న వాళ్లు, అందరూ నేల మీంచి కాళ్లు తీసి కుర్చీల మీద పెట్టుకున్నారు. కాళ్లు పైకి పెట్టుకుంటే చప్పుడవదు. ముప్పై ఆరేళ్లలో ఎంతమంది పిల్లలు అలా కాళ్లు పైకి పెట్టుకున్నారో నాకు తెలీదు. నూట తొంభై దగ్గర శబ్దం తిరిగొచ్చింది.

ఇంటర్వెల్ తర్వాత, ఆ కూతురు తల్లిని బయటికి పంపి తలుపు గడియ వేస్తుంది. కుర్చీ ఈడ్చి అడ్డం పెడుతుంది.

నేను కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాను. మా పిల్ల ఆ భాగం చూడలేదు. చూడకుండానే అదే చేసింది.

*

ఇంటికొచ్చేసరికి ఇద్దరూ ఎదురుచూస్తున్నారు, వేర్వేరు మూలల్లో. నేను నీళ్లు తాగి, నేల మీద కూర్చుని, చూసిందంతా ఉన్నదున్నట్టు చెప్పాను. తలుపు వేయడం దగ్గర కోడలు కళ్లు మూసుకుంది.

"తర్వాత?" అంది లాయరు.

"ఆ తల్లి పోలేదు. రాత్రంతా చలిలో గుమ్మం బయటే కూర్చుంది. తెల్లారి ఆ పిల్ల తలుపు సందులోంచి చూస్తే, తెగిపోయిన తన చెప్పు కుడుతూ కనిపించింది. ఎప్పుడూ కుట్టినట్టే, పళ్లతో దారం తెంపి. అప్పుడు తెలిసింది."

"ఏం తెలిసింది?"

"అమ్మేనని. మంచు గొంతొక్కటే తీసుకుందని."

"నువ్వు నన్ను ఊరుకోబెట్టడానికి చెప్తున్నావు."

"లేదే. చూసిందే చెప్తున్నా."

"అయితే చెప్పు. తర్వాత వాళ్లమ్మకి గొంతొచ్చిందా?"

కోడలు నావైపు చూసింది. వచ్చిందని చెప్పమని ఆ చూపు. డాక్టరు చెప్పిన మూడు వారాల్లో అప్పటికి సగమే అయింది. వచ్చిందంటే ఇద్దరికీ హాయిగా ఉంటుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"చూపించలేదు," అన్నాను. "ఇద్దరూ మేకల్ని తోలుకుంటూ వెళ్లిపోతారు. పాట వస్తుంది గానీ పాడింది తల్లి కాదు, కూతురు. వచ్చిందో రాలేదో సినిమా చెప్పలేదు."

కోడలు గోడవైపు తిరిగిపోయింది. లాయరు నన్నే చూసింది. ఊరుకోబెట్టడానికి చెప్పే అబద్ధమైతే ఇలా ఉండదని దానికి అర్థమైనట్టుంది. మంచం మీంచి కాళ్లు కిందికి దించింది.

"ఆ చప్పుడు లేని చోటు ఎంతసేపు?"

"నూట తొంభై."

"నూట తొంభై అంటే ఎంత?"

"లెక్కపెట్టి చూడు."

అది గబగబా వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. ముగ్గురం కదలకుండా కూర్చున్నాం. లెక్కపెడుతున్నంతసేపూ దాని చూపు తల్లి మొహం మీదే ఉంది. కోడలు కూడా ఇటు తిరిగి రెప్ప వెయ్యకుండా చూస్తోంది. నూట తొంభై దాకా వచ్చి, "ఇంతేనా?" అంది.

"అంతే."

"అయితే చూడొచ్చు. మిగతాది చూస్తా."

కోడలు పలక అందుకుని రాసింది. ఈసారి లాయరు దగ్గరికి వెళ్లి, కొంచెం ఎడంగా నిలబడి, చదివింది.

"మీ-రే-మం-టా-రు... మా-వ-య్యా."

అడగాల్సిన ప్రశ్నే. కానీ ఈసారి నాకు జవాబు తెలీదు. మళ్లీ ఆ బల్ల ముందు కూర్చున్న తల్లిని చూస్తే, ఈ దించిన కాళ్లు జన్మలో నేల మీద ఆనతాయో లేదో. చూడకపోతే, దానికి తెలిసిన కథ సగంలోనే ఉండిపోతుంది, తల్లి కూడా.

"ఏమోనమ్మా. నేను మాత్రం ఈసారి తలుపు బయట ఉండను," అన్నాను. "నువ్వూ రా."

*

శుక్రవారం కొత్త సినిమా పడుతుంది, కాబట్టి గురువారం మ్యాట్నీయే మాకు ఆఖరి వీలు. అబ్బాయి ఆ పొద్దున్నే డ్యూటీ దిగాడు. ససేమిరా వద్దన్నాడు. "ఒకసారి చేసింది చాల్లేదా నాన్నా?" అన్నాడు. కోడలు అతని చేతిలో పలక పెట్టింది. ఏం రాసిందో నాకెవరూ చదివి చెప్పలేదు. చదువుకుని అతను చొక్కా వేసుకున్నాడు, మమ్మల్ని హాలు దాకా దింపి బయటే నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

ఆఖరి వరస. తలుపు వైపు నేను, నా పక్కన లాయరు, దాని పక్కన ఒక కుర్చీ ఖాళీ, ఆ తర్వాత కోడలు. ఖాళీ కుర్చీ లాయరు పెట్టిన షరతు.

మేకలు వచ్చాయి, పిల్లలు నవ్వారు. పొగమంచు వచ్చింది. తెర మీద తలుపు తెరుచుకుంది.

"ఇప్పుడే," అన్నాను దాని చెవిలో.

శబ్దం ఆగిపోయింది. హాలంతా కాళ్లు పైకి లేచాయి. లాయరు కూడా లేపింది. "ఒకటి, రెండు, మూడు," అని నోట్లో మొదలుపెట్టింది. నేను దాని చెయ్యి పట్టుకోబోతే లాక్కుంది, లెక్క తప్పుతుందని. యాభై. వంద. తెర మీద ఆ నోరు తెరుచుకుంది. లాయరు గొంతు పైకి లేచింది. నూట ముప్పై అనేది నాలుగు వరసల దాకా వినపడి ఉంటుంది. ఎవరో పిల్లాడు వెనక్కి తిరిగి చూశాడు. నూట డెబ్బై. నూట ఎనభై తొమ్మిది. నూట తొంభై.

శబ్దం రాలేదు.

నేను లెక్కపెట్టింది నా నెమ్మది మీద. నేను ఒకటి అనేలోపు అది రెండు అంటుంది. ఇంట్లో దాని పక్కనే కూర్చుని విన్నాను, అయినా నాకు తట్టలేదు. ఇంకా ఎంతుందో నాకు తెలీదు. పిల్ల నావైపు తిరిగింది. చీకట్లో కళ్లు మాత్రమే కనిపించాయి. రెండోసారి తప్పు చెప్పిన సాక్షిని చూసినట్టు చూసింది.

అప్పుడు కోడలు ఖాళీ కుర్చీలోకి జరిగింది. పిల్ల మొహాన్ని తనవైపు తిప్పుకోలేదు, ముట్టుకోలేదు. తెర వెలుతురు తన మొహం మీద పడేలా వంగి, శబ్దం లేకుండా పెదవులు కదిపింది. ఒక్కో మాటా పెద్దగా, బస్సు నంబరు చెప్పినట్టు.

లాయరు ఆ పెదవుల్నే చూసింది.

"నూట తొంభై ఒకటి," అంది.

కోడలు పెదవులు మళ్లీ కదిలాయి.

"నూట తొంభై రెండు."

అలా తల్లి పెదవులు కదపడం, కూతురు పైకి చెప్పడం. రెండు వందలు దాటేసరికి ముందు వరసల్లో ఇంకెవరో పిల్లలు కూడా అందుకున్నారు. ఎప్పుడు దించిందో, దాని కాళ్లు కిందికి వేలాడుతున్నాయి. నేల అందదు దానికి, గాలిలో ఊగుతున్నాయి.

శబ్దం తిరిగి వచ్చాక కూడా అది ఇంకో రెండంకెలు చెప్పింది. తర్వాత నావైపు వంగి, "నీ లెక్క తప్పు తాతా. అమ్మ లెక్క కరెక్టు," అంది.

కోడలి గొంతు ఆ వేసవి చివర్లో వచ్చింది, కొంచెం బొంగురుగా. అదే గొంతుతో మళ్లీ మైకు ముందు కూర్చుంది. నేను ఆ తర్వాత ఇంకో ఆరేళ్లు గేటు దగ్గర పని చేశాను. చిన్నపిల్లలు చూడొచ్చా అని ఎవరైనా అడిగితే, నేనింకా చూడలేదండీ, రేపు రండి అనేవాణ్ణి. మేనేజరు విసుక్కునేవాడు.

ఆ రోజు శబ్దం రెండు వందల నలభై రెండు దగ్గర వచ్చిందని చెబితే, రాస్తున్నది పెన్ను ఆపి, "కాదు తాతా, నలభై ఆరు" అంటోంది. దాని లెక్కే రాసుకోమన్నాను. నేనూ లోపలే కూర్చున్నాను గానీ, ఆ కాసేపూ నేను తెరవైపు చూడలేదు, వాళ్లిద్దరి వైపే చూశాను.